దాచినా గుర్తుంటుంది.. పసిపిల్లల మెదడు చేసే పని ఇదీ

దాదీ చేతిలోని తస్బీహ్ కోసం 9 నెలల పాప చెయ్యి చాస్తుంది. దాదీ దాన్ని దుపట్టా కింద దాచేస్తుంది. పాప ఒక్క క్షణం ఆగి, దుపట్టా లాగేసి తస్బీహ్ పట్టేసుకుంటుంది. ఇంట్లో అందరూ మాషాఅల్లాహ్ అంటూ నవ్వుతారు. ఇదే పాప 5 నెలలప్పుడు మాత్రం దాచిన వస్తువు వైపు మళ్లీ చూసేది కాదు. మరి ఈ నాలుగు నెలల్లో ఏం మారింది?

ఇది ఆటకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. అమ్మ పక్క గదిలోకి వెళ్తే బిడ్డ ఎందుకు ఏడుస్తుంది, ఇంట్లో మందులు ఎక్కడ పెట్టాలి అన్నవాటికీ దీంతో సంబంధం ఉంది.

పియాజే ఏం చెప్పారు?

ఈ విషయాన్ని మొదట లోతుగా గమనించినవారు స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే. తన ముగ్గురు పిల్లల దగ్గరే బొమ్మలు దాచి, వాళ్లు ఏం చేస్తున్నారో రాసుకున్నారు. 1937లో వాటిని పుస్తకంగా తెచ్చారు. సుమారు 8 నెలలలోపు పిల్లలకు కంటికి కనిపించనిది ఇక లేనట్టేనని ఆయన అనుకున్నారు. వెతకడం లేదంటే గుర్తు లేదన్నమాట అని ఆయన లెక్క.

కానీ వెతకాలంటే గుర్తుంటే సరిపోదు. చెయ్యి చాపాలి, గుడ్డ తీయాలి, ఆ తర్వాత వస్తువు పట్టుకోవాలి. 5 నెలల బిడ్డకు అన్ని పనులు ఒకదాని తర్వాత ఒకటి చేయడం కష్టం. అందుకే తర్వాతి శాస్త్రవేత్తలు చేతులను వదిలేసి కళ్లను గమనించారు.

1985లో రెనే బైయార్జాన్, ఎలిజబెత్ స్పెల్కీ, స్టాన్లీ వాసర్‌మన్ 5 నెలల పిల్లల ముందు ఒక పెట్టె పెట్టారు. దాని ముందు పడుకోబెట్టిన అట్ట మెల్లగా పైకి లేచి పెట్టెను కప్పేస్తుంది. ఒకసారి అట్ట పెట్టెకు తగిలి ఆగిపోతుంది. ఇంకోసారి అక్కడ పెట్టే లేనట్టు పూర్తిగా వెనక్కి వాలిపోతుంది. పిల్లలు ఈ రెండోదాన్నే ఎక్కువసేపు చూశారు. పెట్టె కనబడకపోయినా అది అక్కడే ఉందని వాళ్ల మెదడు లెక్కపెట్టుకుంటోందని పరిశోధకులు చెప్పారు. ఎక్కువసేపు చూసినంత మాత్రాన అంత అర్థం తీయవచ్చా అని ప్రశ్నించినవాళ్లూ ఉన్నారు.

మెదడులో ఏం కనిపించింది?

కళ్ల సాక్ష్యం చాలదనుకున్నవారు మెదడునే పరీక్షించారు. లండన్‌లో కాఫ్‌మన్, చిబ్రా, జాన్సన్ అనే పరిశోధకులు 6 నెలల పిల్లల తలకు మెత్తని సెన్సార్లు పెట్టి మెదడు తరంగాలను కొలిచారు. ఇది ఈఈజీ పరీక్ష, దీనితో నొప్పి ఉండదు. పిల్లలకు బొమ్మ రైలు వీడియో చూపించారు. రైలు సొరంగంలోకి వెళ్తుంది, బయటికి రాదు. తర్వాత ఒక చెయ్యి సొరంగాన్ని పైకెత్తుతుంది, లోపల రైలు ఉండదు!

రైలు కనిపించకుండా దాగి ఉన్న సమయంలో మెదడు కుడివైపు, కణత భాగంలో గామా తరంగాలు పెరిగాయి. సొరంగం ఎత్తాక రైలు కనబడకపోతే ఇంకా పెరిగాయి. కళ్లు "లేదు" అంటున్నా, "ఇక్కడే ఉండాలి కదా" అని మెదడు పట్టుకుని ఉందని పరిశోధకులు భావించారు. 2003లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

పాత చోటే ఎందుకు వెతుకుతారు?

ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. రెండు రుమాళ్లు పరిచి, కుడివైపు రుమాలు కింద బొమ్మను రెండుమూడు సార్లు దాచండి. బిడ్డ తీసుకుంటుంది. తర్వాత బిడ్డ చూస్తుండగానే ఎడమవైపు దాచి, కొన్ని సెకన్లు ఆపండి. 8, 9 నెలల పిల్లలు చాలాసార్లు మళ్లీ కుడివైపే వెతుకుతారు.

ఇది తెలివితక్కువతనం కాదు. కొత్త చోటు గుర్తుపెట్టుకోవాలి, అలవాటైన చోటికి పోయే చేతిని ఆపాలి. ఈ రెండు పనులూ చూసే నుదుటి వెనక భాగం అప్పటికి ఇంకా ఎదుగుతూ ఉంటుంది. 7 నెలల 15 రోజుల బిడ్డ 2 సెకన్లు కూడా ఆపకముందే పొరబడితే, ఏడాది బిడ్డ 10 సెకన్లు దాటాకే పొరబడుతుందని అడెల్ డైమండ్ 1985లో చూపించారు.

ఇంట్లో ఏం చేయాలి?

సుమారు 8 నెలల నుంచి అమ్మ కనబడకపోతే ఏడుపు ఎక్కువవుతుంది. "ఒళ్లో అలవాటు చేశావు" అని కోడలిని అనేముందు ఒకటి గుర్తుంచుకోవాలి. కనబడని అమ్మ ఎక్కడో ఉందని బిడ్డకు ఇప్పుడు తెలుసు. ఎప్పుడు వస్తుందో మాత్రం తెలియదు. అందుకే ఆటలో పెట్టి దొంగచాటుగా జారుకోవడం కంటే, ముద్దు పెట్టి అల్లా హాఫిజ్ చెప్పి వెళ్లడం, చెప్పినట్టు తిరిగి రావడం మంచిది. ఏడాది, ఏడాదిన్నర మధ్య ఈ ఏడుపు ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతుంది.

ముఖం మీద దుపట్టా వేసుకుని తీసే ఆట రోజూ ఆడండి. దీనికి ఖరీదైన బొమ్మలేవీ అక్కర్లేదు.

జాగ్రత్త కూడా అవసరమే. బిడ్డ చూస్తుండగా మాత్రలు, ఫినాయిల్, రిమోట్‌లోని బటన్ బ్యాటరీలు పరుపు కింద పెడితే అది దాచడం కాదు, చోటు చూపించడమే. వాటిని చేతికందని ఎత్తులో, తాళం వేసి ఉంచాలి.

9 నెలలకు కిందపడ్డ చెంచా కోసం చూడటం, ఏడాదికి దుప్పటి కింద దాచిన బొమ్మను వెతకడం చాలామంది పిల్లలు చేస్తారని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ జాబితా చెబుతోంది. ఒకటి రెండు వారాలు అటూఇటూ అయితే కంగారు పడొద్దు. కానీ 4 నెలలు వచ్చినా కదిలే వస్తువును కళ్లతో అనుసరించకపోయినా, ఏడాదికి ఏదీ వెతకకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల పరీక్షలు ఉచితం. దగ్గర్లోని అంగన్‌వాడీలో అడిగితే వివరాలు చెబుతారు.