కాలు చెప్పిన మాట కారు వినకపోతే

కారు కొన్నవారికి దాని యింజను బలం ఎంతో తెలుసు. లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో నోటిలెక్క. రంగు విషయంలో యింట్లో జరిగిన వాదోపవాదాలు కూడా మరిచిపోరు. కాని బ్రేకు పెడలుకు పైన, ఎవరూ తొంగిచూడని చీకట్లో, బొటనవేలంత మీట ఒకటి వున్నదని మాత్రం చాలామందికి తెలియదు. దాని పేరు బ్రేకు స్విచ్చి. కాలు బ్రేకు మీద వున్నదా లేదా అని కారుకు చెప్పడమే దాని వుద్యోగం. ఆ ఒక్క కబురు సరిగా అందలేదో, నిక్షేపంలాంటి కారు వున్నచోటనే మొండికేస్తుంది.

అనంతపురం సీమలో కూర్చుని యీ సంగతి చెప్పుకోవడానికి కారణం లేకపోలేదు. ఏడాదికి అయిదువందల యాభై మిల్లీమీటర్ల చిల్లర వాన కురిసే నేల యిది. ఆకాశం కేసి చూడడం, వేరుశనగ విత్తడం, మళ్ళీ ఆకాశం కేసి చూడడం యిక్కడి పంచాంగం. అలాంటి చోట, 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులు రాజధానిని తరలించుకువచ్చిన పెనుకొండ పక్కనే, ఎర్రమంచి దగ్గర కొరియావారి కియా కార్ల కర్మాగారం వెలసింది. 2017లో ఒప్పందం కుదిరింది. 2019లో కార్లు బయటికి వచ్చాయి. ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేయగల శక్తితో దాన్ని కట్టారు. 2022లో జిల్లాను విడదీసినప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గాని, ఎండా దుమ్మూ మాత్రం రెండు జిల్లాలకూ వుమ్మడి ఆస్తిగానే వున్నాయి.

బెంగుళూరులో వుద్యోగాలు చేస్తున్న మన పిల్లలు అక్కడి రద్దీలో క్లచ్చి తొక్కి తొక్కి కాలు నొచ్చి, ఆటోమేటిక్ కార్లు కొంటున్నారు. పండగకు వాటిలోనే వూరికి వస్తున్నారు. క్లచ్చి వున్న పాత కారు మొరాయిస్తే నలుగురూ కలిసి తోసి బయలుదేరదీసేవారు. ఆటోమేటిక్ కారు దగ్గర ఆ పప్పు వుడకదు. బ్రేకు తొక్కినట్టు దానికి కబురందితేనే మీట నొక్కగానే యింజను లేస్తుంది; కబురందితేనే గేరు 'పి' అనే నిలుపు స్థానం నుంచి కదులుతుంది.

ఇంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. దీని వెనక ఒక కథ వుంది. 1980 తర్వాత అమెరికాలో ఆడి 5000 అనే కారు మీద పెద్ద అల్లరి లేచింది. నిలిచివున్న కారు గేరు వేయగానే తనంతట తానే ముందుకు దూకుతున్నదని ఫిర్యాదు. 1986లో టెలివిజనులో ఆ కథనం వచ్చాక కారు పరువు గంగలో కలిసింది. ప్రభుత్వ భద్రతాశాఖవారు పరీక్షలు జరిపి 1989లో తేల్చినది ఏమిటంటే, నడిపేవారు చాలావరకు బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కారని. ఆ గొడవలోనే ఆడి వారు, బ్రేకు తొక్కితేగాని గేరు కదలని తాళం ఒకటి అమర్చారు. 2008లో చేసిన చట్టం ప్రకారం, 2010 సెప్టెంబరు నుంచి తయారయ్యే ఆటోమేటిక్ కార్లకు అమెరికాలో అది తప్పనిసరి అయింది. ఆ చట్టం చేసినది పిల్లల కోసం.

పిల్లల మాట ఎందుకు వచ్చిందో మనకు వేరే చెప్పనక్కర లేదు. మే నెల మధ్యాహ్నం, తండ్రి కొబ్బరిబోండాల కోసం దిగుతాడు. లోపల పిల్లలకు వుక్కపోస్తుందని యింజను ఆపడు. ముందు సీటులోకి దూరిన బుడతడు గేరు కర్ర పట్టుకుని లాగుతాడు. బ్రేకు మీద కాలు లేదు గనుక ఆ కర్ర రాదు. ఆ క్షణంలో బిడ్డకూ ప్రమాదానికీ మధ్య నిలబడినది ఆ చిన్న స్విచ్చీ, దాని మాట విని పనిచేసే తాళమూను.

ఇప్పుడు ఆ స్విచ్చి చెడిందనుకుందాం. ఒక కుటుంబం లేపాక్షి నందిని చూసుకుని, పొద్దు వాలుతుండగా తిరుగు ప్రయాణమైంది. యింజను లేచి శుభ్రంగా పాడుతోంది. గేరు మాత్రం 'పి' వదలదు. లాగితే రాదు, బలం చేస్తే విరిగేటట్టున్నది. తెలిసినవాడెవడో వచ్చి చూసి, "గేరుబాక్సు పోయినట్టుంది సార్" అంటాడు. ఆ మాటతో ఆయనకు చెమటలు పోస్తాయి, ఆవిడకు నగలు గుర్తుకు వస్తాయి. గేరుబాక్సు ఖరీదు ముందు యీ స్విచ్చి ఖరీదు చిల్లర కింద లెక్క. అందుకే పెద్ద రోగం పేరు ఎత్తేముందు చిన్న రోగం లేదని రుజువు కావాలి.

ఆ రుజువుకు మన తర్కశాస్త్రం వారు ఎప్పుడో దారి వేశారు: అన్వయ వ్యతిరేకాలు. ఇది వుంటే అది వుండాలి, యిది లేకపోతే అది వుండకూడదు. తెలుగు పాఠం చెప్పుకునే నాలాంటివాడికి మోటారు మేస్త్రీ నచ్చేది యిక్కడే; మంచి మేస్త్రీ చదవకుండానే తార్కికుడు.

మొదట చూడవలసినవి కారు వెనక ఎర్రదీపాలు. పెడలు తొక్కితే వెలగాలి, వదిలితే ఆరాలి. చూసి చెప్పమని పిల్లవాణ్ణి కారు వెనక నిలబెట్టడం మనవాళ్ళ అలవాటు. యీ పరీక్షలో అది పనికిరాదు. చేతిబ్రేకు వేసివుంచి, పెద్దవారెవరైనా పక్కకు నిలబడి చూడాలి. గోడ వుంటే దాని మీద పడే ఎర్రని వెలుగే చాలు. రెండు పక్కలా, మధ్యనా వున్న దీపాలన్నీ ఒక్కసారే వెలగలేదా, అన్ని బల్బులూ కూడబలుక్కుని ఒకేరోజు పోవడం అరుదు గనుక తప్పు వెనక లేదు, ముందు వుంది. ఒక్కటే వెలగకపోతే ఆ బల్బో, దాని తీగో.

అన్నీ ఆరివుంటే తర్వాత చూడవలసినది ఫ్యూజు. పెట్టె మూత లోపల ఏది దేనికో రాసివుంటుంది. కాలిపోయివుంటే అంతే బలం కలిగిన కొత్తది వేయవచ్చు. అదీ కాలిందో, ఎక్కడో తీగ ఒరుసుకుని కారు వొంటికి తగులుతున్నదన్నమాట. యింకా పెద్ద ఫ్యూజు వేసి చూద్దామనేవాడి చేతికి కారు యివ్వకండి. మన ప్రాంతంలో యిందుకు రెండు కారణాలు తరుచు కనిపిస్తాయి: అలంకారం కోసం వెనక దీపాల తీగకు అతికించిన రంగురంగుల దీపాలు ఒకటి, శనగకాయల మూటల పక్కన కారు నిలిపినప్పుడు లోపల కాపురం పెట్టే ఎలుకలు రెండోది.

ఫ్యూజు బాగుంటే యిక మీటరు పట్టుకుని స్విచ్చి దగ్గరికి పోవాలి. పసుపుపచ్చని గొట్టాల తీగలు అక్కడ కనిపిస్తే వాటి జోలికి పోరాదు, అవి గాలిసంచీలవి. సాదా రకం స్విచ్చికి ఒక తీగ నుంచి ఎప్పుడూ పన్నెండు వోల్టులు వస్తూ వుంటాయి. అవి రాకపోతే తప్పు ఫ్యూజుకూ స్విచ్చికీ నడుమ వున్నది. వస్తూ, పెడలు తొక్కినా రెండో తీగలోకి దాటకపోతే, ముద్దాయి స్విచ్చే. దాటినా దీపాలు వెలగలేదా, స్విచ్చి నిర్దోషి. అక్కడి నుంచి వెనకకు పోయే దారి వెతకాలి. దీపాలూ వెలుగుతున్నాయి, గేరు మాత్రం రాలేదంటే, పెడలు తొక్కినప్పుడు గేరు కర్ర దగ్గర టక్కుమని చిన్న చప్పుడు వస్తున్నదేమో చెవి పెట్టి వినాలి. అది తాళం తీసే విద్యుదయస్కాంతం. చప్పుడు లేకపోతే దానికి కబురు అందలేదు, లేదా అదే చచ్చింది.

కొత్త కార్లలో స్విచ్చి ఒక సాక్షి కాదు, యిద్దరు. ఒక జత కొనలు కలిసినప్పుడు రెండో జత విడిపోవాలి. యిద్దరూ ఒకే మాట చెబితే కంప్యూటరుకు అనుమానం వస్తుంది. పి0504 అనే సంకేతం రాసుకుంటుంది. ఒక్కొక్క సాక్షి మీద వేరువేరుగా రాసేవి పి0571, పి0703. సంకేతం చూడగానే స్విచ్చి మార్చేయడం తొందరపాటు. అది చెప్పేది సాక్ష్యాలు పొసగలేదని మాత్రమే, అబద్ధమాడింది ఎవరో కాదు. తీగ తెగినా అదే సంకేతం వస్తుంది.

స్విచ్చి పెద్ద కంపెనీల కొంపా ముంచగలదు. 2013 ఏప్రిలులో కియా, దాని అన్నగారైన హ్యుందాయ్ కలిసి అమెరికాలో దాదాపు 17 లక్షల కార్లను యీ స్విచ్చి కోసమే వెనకకు పిలిచాయి. అవి పెనుకొండ ఫ్యాక్టరీ పుట్టకముందువి. దీపాలు వెలగకపోవచ్చు, గేరు 'పి' వదలకపోవచ్చు, వేగాన్ని నిలిపే యంత్రం బ్రేకు తొక్కినా విడవకపోవచ్చు అని కారణాలు చెప్పారు. మందు మాత్రం చిన్నదే: కొత్త స్విచ్చి.

దీనికి తిరగేసిన జబ్బు కూడా వుంది. కొన్ని కార్లలో పెడలు కాడకు చిన్న రబ్బరు బిళ్ళో, ప్లాస్టికు బిళ్ళో వుంటుంది. స్విచ్చి ముక్కును నొక్కిపెట్టేది అదే. ఏళ్ళు గడిచి, వేడికి పెళుసెక్కి, ఒకనాడు పొడిపొడిగా రాలిపోతుంది. ముక్కు ఖాళీ కంతలోకి దూరుతుంది. కాలు లేకపోయినా వున్నట్టే స్విచ్చి చెబుతుంది. దీపాలు రాత్రంతా వెలిగి తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. అంతకంటె అపాయం, కాలితో పని లేకుండానే గేరు వచ్చేస్తుంది. కాళ్ళ దగ్గర చాప మీద నల్లటి ముక్కలు కనిపిస్తే బిస్కట్టు పొడి అనుకుని వూడ్చేయకండి.

నిర్జన ప్రదేశంలో చిక్కుకున్నవారికి ఒక తాత్కాలికోపాయం వుంది. చాలా కార్లలో గేరు కర్ర పక్కన చిన్న మూత వుంటుంది. చేతిబ్రేకు బిగించి, కాలు బ్రేకు మీద గట్టిగా వుంచి, మూత తీసి లోపల తాళంచెవితో నొక్కితే గేరు వస్తుంది. మీట నొక్కితే లేచే కొన్ని కార్లలో, ఆ దీపాల ఫ్యూజు పోయినప్పుడు మీటను పది సెకన్లు నొక్కిపట్టి యింజను లేపే వీలుంది. కారుతో యిచ్చిన పుస్తకం చూసుకోవాలి.

ఇలా కదిలాం గదా అని యింటిదాకా పోదామనిపిస్తుంది. వెనక దీపం వెలగని కారు రాత్రిపూట బెంగుళూరు దారిలో లారీల ముందు బ్రేకు వేస్తే, వెనకవాడికి ఆ సంగతి తెలిసే మార్గం లేదు. దగ్గరి వూరిదాకా రోడ్డు వారగా, వెలుగు వుండగానే పోవాలి. షెడ్డులో స్విచ్చి సరకు లేదని రెండు తీగలూ కలిపి ముడివేసి, "రెండు రోజులు నడుస్తుంది సార్" అంటే వొప్పుకోకండి. ఆ ముడితో గేరు తాళం ఎప్పుడూ తెరిచినట్టే వుంటుంది. కొత్త స్విచ్చి రేపు వస్తుందంటే ఆ రాత్రికి పెనుకొండలోనో హిందూపురంలోనో బస చేయడం మేలు. కారు షెడ్డులో పడుకుంటుంది, మీరు మంచం మీద పడుకుంటారు.