ప్రాథమిక పాఠశాల పై తరగతుల బాలల ఆనందం – మూలాలు

నాలుగు, ఐదు తరగతుల పిల్లలు సాధారణంగా తొమ్మిది నుండి పదకొండేళ్ల వయస్సులో ఉంటారు. ఈ దశలో వారి ఆనందం మిఠాయిలతోను, బొమ్మలతోను మాత్రమే ముడిపడి ఉండదు. మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్‌సన్ బడి ఈడును శ్రమశీలతకు, న్యూనతాభావానికి మధ్య జరిగే సంఘర్షణగా వివరించాడు. ఒక పనిని స్వయంగా పూర్తిచేసి ‘ఇది నాకు వచ్చు’ అనుకోగలగడమే ఈ వయస్సులోని ప్రధాన సంతృప్తి.

తోటివారితో పోల్చుకోవడం కూడా ఈ ఈడులోనే బలపడుతుంది. అందువల్ల ర్యాంకుల పట్టిక ఒకరికిచ్చే సంతోషం కంటే పలువురికి కలిగించే చిన్నతనమే ఎక్కువ కావచ్చు. నిన్నటి తన పనితో నేటి పనిని పోల్చి చూపితే ప్రతి విద్యార్థికీ గెలిచే అవకాశం ఉంటుంది.

గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా ‘దివాస్వప్న’లో నాలుగో తరగతి ఉపాధ్యాయుని ప్రయోగాన్ని కథారూపంలో చిత్రించాడు. కథలు, ఆటలు, తరగతి గ్రంథాలయం అందులోని సాధనాలు. ఆటను చదువుకు ఆటంకంగా గాక, చదువులో భాగంగా చూడడం ఆ ప్రయోగ సారం.

1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను హక్కులుగా గుర్తించింది. భారతదేశం 1992లో దానికి అంగీకారం తెలిపింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించగా, 29వ సెక్షన్ భయరహిత విద్యను నిర్దేశించింది. కనుక ఆటల పీరియడును లెక్కల పాఠానికి మళ్లించడం, తప్పు చేసిన పిల్లవాణ్ణి స్నేహితుల నుండి వేరుచేసి నిలబెట్టడం చిన్న విషయాలు కావు. అవి ఆనందపు మూలాలనే దెబ్బతీస్తాయి.