ఊరు మారే ముందు ఫ్రెండ్స్‌కి ‘వెళ్ళొస్తాను’ చెప్పనివ్వండి



బ్యాంకు, రైల్వే, సాఫ్ట్‌వేర్, కన్‌స్ట్రక్షన్ సైట్... ఉద్యోగం ఏదైనా, పిల్లలున్న ఇళ్ళలో ఊరు మారడం ఎక్కువగా వేసవి సెలవుల్లోనే జరుగుతుంది. పరీక్షలు అయిపోయాయి, చదువు పాడవదని మనకు ఊరట. కానీ సెలవుల్లో వెళ్ళిపోయే పిల్లలకు ఫ్రెండ్స్‌తో ఆఖరి మాట చెప్పే అవకాశమే ఉండదు. జూన్‌లో క్లాసులో మిగిలిన పిల్లలు “మేడమ్, తను రాలేదేంటి?” అని మమ్మల్ని అడుగుతారు.

బదిలీ ఉద్యోగుల పిల్లల చదువు ఆగకూడదనే 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలయ్యాయి. మన స్కూల్‌లోనూ ఒక బ్రాంచ్ నుంచి మరో బ్రాంచ్‌కి మారితే పుస్తకాలు, యూనిఫాం అవే. పక్క బెంచీ ఫ్రెండ్ మాత్రం వెంట రాడు.

“అక్కడ కొత్త ఫ్రెండ్స్ దొరుకుతారులే” అని మనం ప్రేమతోనే అంటాం. పిల్లలకు అది “నీ బాధ పెద్ద విషయం కాదు” అన్నట్టు వినిపిస్తుంది. రెండు మూడు ఊళ్ళు మారిన పిల్లలు కొందరు “ఎలాగూ వెళ్ళిపోతాం కదా” అని ఎవరితోనూ దగ్గరవ్వడం మానేస్తారు. జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

దేశాలు మారుతూ పెరిగే పిల్లల గురించి అమెరికన్ సామాజికవేత్త డేవిడ్ పొలాక్, రూత్ వాన్ రెకెన్‌తో కలిసి 1999లో ఒక పుస్తకం రాశారు. ఊరు విడిచే ముందు చేయాల్సిన నాలుగు పనులకు పొలాక్ ‘ర్యాఫ్ట్’ అని పేరు పెట్టారు. అంటే తెప్ప. జిల్లా మారినా ఇవే పనికొస్తాయి.

1. గొడవలు తీర్చుకోవడం: కటీఫ్ చెప్పిన ఫ్రెండ్‌తో మాట్లాడించండి. తీసుకున్న కథల పుస్తకం, క్రికెట్ బాల్ తిరిగి ఇప్పించండి. కోపంతో వెళ్తే ఆ కోపం కొత్త ఊరికీ వస్తుంది.

2. థ్యాంక్స్ చెప్పడం: ఫ్రెండ్స్‌కే కాదు, ఆయమ్మకు, వ్యాన్ అంకుల్‌కు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు కూడా. చిన్నపిల్లలైతే ఒక బొమ్మ గీసి ఇచ్చినా చాలు.

3. వీడ్కోలు: మనం “వెళ్తాను” అనం, “వెళ్ళొస్తాను” అంటాం. ఆ మాట పిల్లల చేతనే చెప్పించండి. ఆడుకున్న గ్రౌండ్‌కి, మేడ మీదికి, పానీపూరీ బండి దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళండి. పార్టీ అక్కర్లేదు. స్లామ్ బుక్, ఒక గ్రూప్ ఫొటో చాలు. ఏడిస్తే ఏడవనివ్వండి, పక్కన కూర్చోండి.

4. కొత్త ఊరి గురించి మాట్లాడుకోవడం: మ్యాప్‌లో చూపించండి. కొత్త ఇల్లు, కొత్త బడి ఫొటోలు చూపించండి. తన మంచం ఎక్కడ వేయాలో తననే చెప్పమనండి.

వెళ్ళాక మొదటి కొన్ని వారాలు ఆదివారం పూట ఫ్రెండ్‌తో ఒక వీడియో కాల్ పెట్టండి. అందుకు తల్లిదండ్రుల నంబర్లు ముందే తీసుకోండి. తర్వాత కాల్స్ తగ్గినా కంగారు పడకండి, బలవంతం చేయకండి.

చివరగా ఒక విన్నపం. ట్రాన్స్‌ఫర్ ఖాయమైతే టీసీ కోసం ఆఫీసుకు వచ్చే రోజు దాకా ఆగకుండా, ముందే పిల్లలకు చెప్పండి. అలాగే సెలవులు ఇచ్చేలోపు క్లాస్ టీచర్‌కు ఒక్క మాట చెప్పండి. ఆఖరి పనిదినాన ఒక పీరియడ్ మీ అమ్మాయి కోసమో అబ్బాయి కోసమో కేటాయించడం మాకు కష్టం కాదు. క్లాసులో ఉండిపోయే పిల్లలకూ ఆ పీరియడ్ అవసరమే.