క్వార్టరు ఖాళీ చేసే నాటికి సొంత ఇల్లు

బిలాస్‌పూర్ తార్‌బహార్‌లోని తెలుగు రైల్వే కుటుంబాలకూ, స్వగ్రామంలో ఇల్లు తలపెట్టిన వారికీ గృహఋణంపై కొన్ని సూచనలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రెండు కార్యాలలోనూ తొందరపాటున జరిగిన పొరపాటును తరువాత దిద్దుకోవడం కష్టం. అందునా అప్పు చేసి ఇల్లు కొనేవారు రాబోయే పది, ఇరవై సంవత్సరాల సంపాదనను ముందుగానే ఒకరికి వ్రాసి ఇస్తున్నారు. కనుక సంతకం చేసే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ఇంటి క్రింది నేల ఎవరిది? జీతం ఆగిన తరువాత వాయిదా ఎవరు కడతారు?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో తార్‌బహార్ ఒక పేట. ఈ పట్టణానికీ ఉత్తరాంధ్రకూ ఉన్న బంధం రైలు పట్టాల మీద ఏర్పడింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూర్ మీదుగా నాగపూర్, ఆసన్‌సోల్‌లను కలిపే ప్రధాన మార్గాన్ని 1891 నాటికి పూర్తి చేసింది. తరువాత వాల్తేరు ప్రాంతం కూడా అదే కంపెనీ క్రిందికి వచ్చింది. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలోనూ బిలాస్‌పూర్, వాల్తేరు కలిసే ఉన్నాయి. ఈ విధంగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్ళి రైల్వే కొలువులో చేరిన కుటుంబాలు తరతరాలుగా అక్కడ నివసిస్తున్నాయి. 2003 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం.

రైల్వే క్వార్టరులో ముప్పై ఏళ్ళు గడిపిన కుటుంబానికి ఇల్లు ఒక సమస్యగా కనిపించదు. పదవీ విరమణ ఉత్తర్వు చేతికి అందిన నాడు, నిర్ణీత గడువులో క్వార్టరు ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు, అది ఒక్కసారిగా ముందుకు వస్తుంది. అట్టి తొందరలో చేసే బేరంలోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఊరు విడిచి ఉద్యోగం చేసే ప్రతి కుటుంబానికీ, పల్లెలో వ్యవసాయమో వ్యాపారమో చేసుకునే వారికీ కూడా ఈ సంగతి వర్తిస్తుంది.

తీగకు లోపలా, వెలుపలా?

హిందీలో తార్ అంటే తీగ, బాహర్ అంటే వెలుపల. స్థలం కొనదలచిన వారికి ఆ రెండు మాటలలోనే ఒక హెచ్చరిక ఉంది. రైల్వే హద్దుకు లోపలి భూమి కేంద్ర ప్రభుత్వానిది. దానిని ఏ ప్రైవేటు వ్యక్తీ అమ్మలేడు. స్టేషను దాపున తక్కువ ధరకు వచ్చిందని స్టాంపు కాగితం మీద స్వాధీన పత్రం వ్రాయించుకొని గుడిసె వేసినా, దానిపై అంతస్తు లేపినా హక్కు కలుగదు. కరెంటు బిల్లు, పన్ను రసీదు, ఓటరు జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన యాజమాన్యం రాదు. ప్రభుత్వ ఆవరణల నుంచి అనధికార ఆక్రమణదారులను తొలగించే 1971 నాటి చట్టం ప్రకారం రైల్వే శాఖ ఖాళీ చేయించగలదు. అట్టి స్థలంపై ఏ బ్యాంకూ ఋణం ఇవ్వదు. బ్యాంకు కాదన్న స్థలాన్ని చేబదులు చేసి కొనవద్దని మా మనవి.

రైల్వే హద్దుకు వెలుపల ఉన్న భూములన్నీ ఒక తీరున ఉండవు. పట్టణంలో నజూల్ భూములుంటాయి. ఇవి ప్రభుత్వ భూములు. కౌలు పట్టాపై ఇచ్చిన స్థలమైతే, కౌలు గడువు ఎన్నాళ్ళున్నదో, బదిలీకి అనుమతి ఉన్నదో లేదో చూడాలి. పట్టణం అంచున పొలాలను ముక్కలు చేసి అమ్మే ప్లాట్లుంటాయి. అక్కడ సాగుభూమిని నివాస భూమిగా మార్చిన ఉత్తర్వును చూపమని అడగాలి. దానిని స్థానికులు డైవర్షన్ అంటారు. అది లేని చోట ఇంటి నిర్మాణానికి అనుమతి దొరకదు.

గిరిజనుల భూమి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మన ఏజెన్సీలో 1/70 చట్టం ఎట్లా ఉన్నదో, ఛత్తీస్‌గఢ్‌లో 1959 నాటి భూమి రెవెన్యూ స్మృతిలోని 165వ సెక్షను అటువంటిది. ప్రకటిత ప్రాంతాలలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు. ఇతర ప్రాంతాలలో కలెక్టరు అనుమతి ఉండాలి.

చూడవలసిన కాగితాలు

పట్వారీ వద్ద గాని, భుయియాఁ అనే ప్రభుత్వ కంప్యూటరు రికార్డులో గాని బి-1 ఖతౌనీ, పి-2 ఖస్రా, నక్షా లభిస్తాయి. మన ప్రాంతపు 1-బి, అడంగల్, గ్రామపటం వంటివే ఇవి. అమ్మేవాని పేరు, ఖస్రా సంఖ్య, విస్తీర్ణం ఈ మూడింటిలోనూ ఒకటిగా ఉండాలి. అక్కడివారు డిస్మిల్ అనే కొలత మనకు కొత్తగా వినిపించినా అది మన సెంటే. ఎకరంలో నూరవ వంతు, అంటే 435.6 చదరపు అడుగులు.

వెంచరులో ప్లాటు గాని, అపార్టుమెంటులో ఇల్లు గాని కొనేటట్లయితే 2016 నాటి రెరా చట్టం మీకు రక్షణ. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించిన ఇండ్లతో గాని చేపట్టే పథకం రెరాలో నమోదు కావాలి. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి బయానా తీసుకొనే అధికారం కట్టేవారికి లేదు. బయానా సొమ్ము చెక్కు ద్వారానో, ఖాతా ద్వారానో చెల్లించండి. స్థిరాస్తి బేరంలో రూ. 20,000 గాని, అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచి నిషేధించింది.

సొంత ఊరిలో కట్టదలచినచో

బిలాస్‌పూర్‌లో కొనాలా, శ్రీకాకుళం వైపు తిరిగి వెళ్ళాలా అన్నది ప్రతి ఇంటా జరిగే చర్చ. పిల్లల చదువు హిందీలో సాగి, వారి కొలువు అక్కడే ఉంటే, ఊరిలో కట్టిన ఇల్లు తాళం వేసి ఉంచవలసి వస్తుంది. తాళం వేసిన ఇంటికి అద్దె రాదు, వాయిదా మాత్రం ఆగదు. ముందు భార్యాభర్తలు, పిల్లలు కూర్చొని ఎక్కడ ఉండబోతున్నామో నిర్ణయించుకోండి.

ఊరికే వెళ్ళదలచిన వారు తాతల నాటి స్థలాన్ని నమ్ముకొని బ్యాంకుకు వస్తారు. అది ఉమ్మడి ఆస్తి అయితే రిజిస్టరైన భాగపరిష్కార పత్రం లేనిదే తనఖా పెట్టడం సాధ్యం కాదు. 2005 సవరణ తరువాత ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమాన హక్కు ఉంది. అన్నదమ్ములు మాత్రమే కూర్చొని వ్రాసుకున్న పంపకం రేపు నిలువకపోవచ్చు. ఆడపడుచులను పిలిపించి వారి వాటా గాని, వారి సమ్మతి గాని కాగితం మీదికి తెచ్చుకోండి. గ్రామకంఠంలోని ఇండ్లకు చాలా చోట్ల హక్కుపత్రాలు లేవు. 2020లో ప్రారంభమైన స్వామిత్వ పథకం క్రింద సర్వే జరిగిన గ్రామాలలో ఆస్తి కార్డులు ఇస్తున్నారు. డి-పట్టా స్థలమైతే రిజిస్ట్రేషను కార్యాలయంలో 22-ఎ నిషేధిత జాబితాను చూడండి. ఏ స్థలమైనా ఈసీ తీయించి, పాత లింకు దస్తావేజులను న్యాయవాదికి చూపించండి.

పదవీ విరమణ తేదీని ముందు పెట్టుకొని లెక్క వేయండి

48 ఏళ్ళ ఉద్యోగి రూ. 10 లక్షలు 8 శాతం వడ్డీకి తీసుకున్నాడని అనుకుందాం. ఇరవై ఏళ్ళ గడువు పెట్టుకుంటే నెలసరి వాయిదా సుమారు రూ. 8,364. చేతికి తేలికగా ఉంటుంది. కాని పన్నెండేళ్ళకు, తన అరవయ్యవ ఏట అతడు విరమించే నాటికి, ఇంకా సుమారు రూ. 5 లక్షల 92 వేలు బాకీ ఉంటుంది. పన్నెండేళ్ళు కట్టిన తరువాత కూడా అసలులో సగానికి పైగా మిగిలి ఉన్నదంటే ఆశ్చర్యం కలుగవచ్చు. తొలి సంవత్సరాలలో కట్టే వాయిదాలో అధిక భాగం వడ్డీకే పోవడం దీనికి కారణం. గ్రాట్యుటీ సొమ్ములో పెద్ద భాగం ఆ బాకీకే సమర్పించవలసి వస్తుంది.

అదే ఋణానికి పన్నెండేళ్ళ గడువు పెట్టుకుంటే వాయిదా సుమారు రూ. 10,825. నెలకు రూ. 2,461 అధికం. కాని విరమణ నాటికి ఇల్లు ఋణవిముక్తమవుతుంది. మొత్తం వడ్డీలో సుమారు నాలుగున్నర లక్షలు మిగులుతాయి. ఈ వాయిదా భరించలేనిదిగా తోస్తే ఇంటిని చిన్నది చేసుకోండి, గడువును పెంచుకోవద్దు. 2004 జనవరి 1 తరువాత కేంద్ర కొలువులో చేరిన వారు కొత్త పెన్షను విధానంలోకి వచ్చారు కనుక, విరమణానంతర ఆదాయాన్ని వారు మరింత జాగ్రత్తగా అంచనా వేసుకోవాలి.

రూ. 30 లక్షల వరకు ఋణాలలో ఇంటి విలువలో 90 శాతం దాకా బ్యాంకు ఇవ్వవచ్చునని రిజర్వు బ్యాంకు నిబంధన. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. ఇంటి ధర రూ. 10 లక్షలు దాటినచో స్టాంపు సుంకం, రిజిస్ట్రేషను ఖర్చు ఆ విలువలో కలువవు. వాటిని మీరే సమకూర్చుకోవాలి.

వడ్డీ పెరిగితే?

2019 అక్టోబరు నుంచి బ్యాంకులు చలన వడ్డీ గృహఋణాలను రెపో వంటి బాహ్య ప్రమాణానికి ముడిపెట్టాయి. 2020 మే నుంచి 4 శాతంగా ఉన్న రెపో, 2022 మేలో పెరగనారంభించి 2023 ఫిబ్రవరికి 6.50 శాతానికి చేరింది. 2025లో మళ్ళీ తగ్గింది. అంటే మీ ఋణకాలంలో ఎత్తుపల్లాలు తప్పవు.

మన పిల్లలు కొందరు స్థిరపడిన ఆస్ట్రేలియాలోనూ ఇదే జరిగింది. అక్కడి రిజర్వు బ్యాంకు వడ్డీ 2020 నవంబరులో 0.10 శాతం, 2023 నవంబరులో 4.35 శాతం. ఆ దేశపు నియంత్రణ సంస్థ 2021లో ఒక నియమాన్ని బిగించింది. ఋణం అడిగిన వ్యక్తి ఇప్పటి వడ్డీ కన్నా మూడు శాతం అధికమైనా వాయిదా కట్టగలడా అని బ్యాంకు పరీక్షించాలి. ఈ పరీక్షను మీకు మీరే పెట్టుకోవచ్చు. పై రూ. 10 లక్షలకు ఇరవై ఏళ్ళ గడువులో 8 శాతం వద్ద రూ. 8,364 వాయిదా, 11 శాతం వద్ద సుమారు రూ. 10,322 అవుతుంది. ఆ తేడా భరించగలిగినప్పుడే సంతకం చేయండి.

వడ్డీ పెరిగినా పాత వాయిదానే కడతాననడం క్షేమం కాదు. తొలి సంవత్సరంలోనే వడ్డీ 10 శాతం అయినదనుకోండి. నెల వడ్డీయే సుమారు రూ. 8,333. మీ రూ. 8,364లో అసలుకు జమ అయ్యేది రూ. 31 మాత్రమే. వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంతనా అన్నది ఎంచుకొనే అవకాశాన్ని 2023 ఆగస్టు ఆదేశాలలో రిజర్వు బ్యాంకు ఋణగ్రహీతకు ఇచ్చింది. బ్యాంకు నుంచి ఉత్తరం రాగానే శాఖకు వెళ్ళి మాట్లాడండి.

రైల్వే ఉద్యోగులకు మరొక మార్గం

కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ అడ్వాన్సును 2017 నిబంధనలు సులభం చేశాయి. 34 నెలల మూల వేతనం, రూ. 25 లక్షలు, ఇంటి ఖరీదు, తిరిగి చెల్లించగల శక్తి, వీటిలో ఏది తక్కువైతే అది లభిస్తుంది. 7వ వేతన సంఘపు పట్టీలో మూల వేతనం రూ. 35,400 అయితే 34 నెలలకు రూ. 12,03,600. దీనిపై సాధారణ వడ్డీ ఉంటుంది. ముందు అసలు, తరువాత వడ్డీ వసూలు చేస్తారు. బ్యాంకు గుమ్మం ఎక్కే ముందు మీ కార్యాలయంలోని పర్సనల్ విభాగంలో దీనిని గురించి విచారించండి.

రైతులకూ, డీలర్లకూ

కిసాన్ క్రెడిట్ కార్డు సొమ్ము పంటకు ఉద్దేశించినది. ఎరువులు, విత్తనాల డీలరుకు ఇచ్చిన క్యాష్ క్రెడిట్ సరకుకు ఉద్దేశించినది. వాటిని ఇంటి స్థలానికి మళ్ళిస్తే సీజను నాటికి చేతిలో పెట్టుబడి ఉండదు, ఖాతా మొండి బాకీ అవుతుంది. ఇంటికి గృహఋణమే అడగండి. జీతం పట్టీ లేనివారు ఆదాయపు పన్ను రిటర్నులు, ఖాతా లావాదేవీలు చూపవలసి ఉంటుంది. పంట ఆదాయం మీద ఆధారపడేవారు పంట చేతికి వచ్చే నెలలకు అనుగుణంగా వాయిదాలు కుదురునేమో శాఖలో అడిగి చూడండి.

మీ హక్కులు

వ్యక్తులు తీసుకున్న చలన వడ్డీ గృహఋణాన్ని గడువుకు ముందే తీర్చితే బ్యాంకు అపరాధ రుసుము వసూలు చేయరాదని 2012లోనే రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బోనసు గాని, బకాయి జీతం గాని వచ్చినప్పుడు అసలుకు జమ చేయండి. ఋణం పూర్తిగా తీరిన 30 రోజులలో బ్యాంకు మూల దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. తన కారణంగా ఆలస్యమైతే రోజుకు రూ. 5,000 చొప్పున పరిహారం చెల్లించాలి. ఈ నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమలులో ఉంది.

హక్కులతో పాటు బాధ్యత కూడా ఉంది. ఖాతా మొండి బాకీగా మారితే 2002 నాటి సర్ఫేసీ చట్టం క్రింద 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆ తరువాత ఇంటిని స్వాధీనం చేసుకొనే అధికారం బ్యాంకుకు ఉంది. కష్టం వచ్చిన నెలలోనే శాఖాధికారికి తెలియజేసినచో దారి దొరకవచ్చు. ఉత్తరాలకు జవాబివ్వక దాగినచో దారి మూసుకుపోతుంది.

పదవీ విరమణకు ఇంకా పది, పన్నెండేళ్ళు ఉన్నవారికి ఇదే తగిన సమయం. ఈ నెలలోనే మీ స్థలం కాగితాలను ఒక సంచిలో చేర్చండి. జీతం పట్టీపై విరమణ తేదీని వ్రాసుకోండి. ఆ రెండూ తీసుకొని మీ సమీప శాఖకు రండి. నేల స్పష్టమై, వాయిదా విరమణకు లోపల ముగిసేదైతే, క్వార్టరు తాళం అప్పగించే నాడు మీ చేతిలో మరొక తాళంచెవి ఉంటుంది.