మనం బిగించుకునే విద్యుత్ గిటారు

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఒక రోజు చేతిలో ఎర్రని గిటారుతో మా ఇంటికి వచ్చాడు. విడిభాగాలన్నీ పెట్టెలో పెట్టి అమ్మే కిట్ కొని, సెలవుల్లో తానే బిగించుకున్నాడట. పనితనం ముచ్చటగా ఉంది. వాడి ముఖం మాత్రం చిన్నబోయి ఉంది.

"మాస్టారూ, ఒట్టి తీగలు మీటితే శ్రుతి బాగానే ఉందండీ. మెట్ల మీద నొక్కి పైకి వెళ్లేకొద్దీ అపశ్రుతి వస్తోంది. నీకు స్వరజ్ఞానం లేదు, వదిలెయ్యి అంటున్నారు ఇంట్లో" అన్నాడు.

వాడికి స్వరజ్ఞానం ఉందో లేదో తేల్చడానికి మాకు ఒక కొలత టేపు, ఒక భాగహారం చాలాయి. అదెలాగో చివర చెబుతాను. ముందు ఈ గిటారు ఎలా పాడుతుందో చూద్దాం. అది తెలిస్తే మీరూ ఒకటి బిగించుకోవచ్చు; తేడా వస్తే దిద్దుకోనూ వచ్చు.

తీగ కదిలితే విద్యుత్తు

సన్నని తీగ ఒక్కటే కంపిస్తే అది కదిలించే గాలి చాలా తక్కువ. అందుకే వీణకు కుండ, మామూలు గిటారుకు బోలు పెట్టె ఉంటాయి. విద్యుత్ గిటారుకు ఆ పెట్టె లేదు. దాని బాడీ సాధారణంగా గట్టి చెక్క. ఆంప్లిఫయరుకు కలపకుండా మీటి చూడండి, పక్క గదిలోకి కూడా వినపడదు. మరి అంత పెద్ద ధ్వని ఎక్కడి నుంచి వస్తోంది?

తీగల కింద ఉన్న పికప్ నుంచి. అందులో చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ కొన్నివేల చుట్లు ఉంటాయి. పైనున్న ఉక్కు తీగను అయస్కాంతం తాత్కాలికంగా అయస్కాంతీకరిస్తుంది. తీగ కంపించినప్పుడు చుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారుతూ ఉంటుంది. అభివాహం మారితే చుట్టలో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లోనే నిరూపించాడు. తీగ సెకనుకు 110 సార్లు ఊగితే పుట్టే విద్యుత్తూ అన్నిసార్లే అటూ ఇటూ ఊగుతుంది. ఆ విద్యుత్తు బలం వోల్టులో పదోవంతుకు అటూ ఇటూ ఉంటుంది. ఆంప్లిఫయరు దాన్ని పెంచి స్పీకరుకు అందిస్తుంది.

మీ బడి ప్రయోగశాలలో గాల్వనామీటరు ఉంటే దీన్ని పరీక్షించవచ్చు. ఎనామెల్ పూత ఉన్న రాగి తీగను ఒక దండాయస్కాంతం చుట్టూ రెండు మూడు వందల చుట్లు చుట్టండి. కొసల దగ్గర పూత గీకి గాల్వనామీటరుకు కలపండి. అయస్కాంతాన్ని కదపకుండా, దాని ధ్రువం దగ్గరికి ఒక ఇనుప ముక్కను చటుక్కున తెచ్చి తీయండి. ముల్లు కొద్దిగా కదులుతుంది. ఇత్తడి ముక్కతోనూ, నైలాన్ ముక్కతోనూ చేసి చూడండి. ముల్లు కదిలినట్టు కనిపించదు. నైలాన్ తీగలు కడితే ఇలాంటి పికప్ ఎందుకు మూగబోతుందో ఇప్పుడు అర్థమైంది కదూ!

1931లో అమెరికాలో జార్జ్ బీచమ్ ఈ సూత్రంతోనే గిటారుకు పికప్ తయారుచేశాడు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించిందీ విద్యుత్ మాండొలిన్ మీదనే.

పెట్టెలో ఏముంటాయి?

లియో ఫెండర్ అనే రేడియోలు బాగుచేసే మనిషి 1950లో గట్టి చెక్క గిటార్లను అమ్మకానికి తెచ్చాడు. వాటిలో మెడను బాడీకి జిగురుతో అంటించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు. మనకు కిట్లలో ఎక్కువగా దొరికేది ఈ పద్ధతే.

పెట్టెలో బాడీ, మెట్లు కొట్టి ఉన్న మెడ, పికప్‌లు, బ్రిడ్జి, బిరడలు, తీగలు, కొన్ని విద్యుత్ భాగాలు ఉంటాయి. మెడ చివర తీగలు ఆనుకునే చిన్న పట్టీని నట్ అంటారు. ఇది బోల్టుకు వేసే నట్ కాదు సుమా! బాడీ మీది బ్రిడ్జిలో ఒక్కో తీగకు ఒక్కో సాడిల్ ఉంటుంది. అది తీగ ఆనే చిన్న దిమ్మ. స్క్రూ తిప్పితే ముందుకూ వెనక్కూ జరుగుతుంది. నట్‌కూ సాడిల్‌కూ మధ్య ఉన్న తీగే పాడుతుంది.

బిగించే వరుస

మొదట రంగు వేయకుండా అన్నీ ఒకసారి అమర్చి చూసుకోండి. మెడను బాడీలో కూర్చి, నట్ నుంచి బ్రిడ్జి దాకా రెండు పక్కలా దారాలు లాగి పట్టండి. దారాలు మెడ అంచుల నుంచి సమాన దూరంలో పోతేనే బ్రిడ్జికి గుర్తు పెట్టండి.

స్క్రూ కన్నా సన్నని రంధ్రం ముందుగా వేయండి. లేకపోతే చెక్క చీలుతుంది. స్క్రూకు కాస్త సబ్బు రాస్తే సులువుగా దిగుతుంది. తరవాత భాగాలు విప్పి, బాడీని గరుకు కాగితంతో నారవెంట రుద్ది రంగు వేయండి. పూర్తిగా ఆరేదాకా ఓపిక పట్టండి.

ఇక విద్యుత్ భాగాలు. కిట్‌తో వచ్చిన పటం చూస్తూ టంకం వేయండి. సోల్డరింగ్ ఐరన్ మొన 300 డిగ్రీల సెల్సియస్ పైనే కాలుతుంది. పక్కన పెద్దవాళ్లు ఉండాలి, గదిలో గాలి ఆడాలి. ఒక తీగ బ్రిడ్జి నుంచి భూమి తీగకు కలుస్తుంది. దాన్ని మరిచిపోతే గిటారు 'ఝుమ్మ్' అని రొద పెడుతుంది. వాయించేవారి వేళ్లు ఆ దారిలోనే ఆంప్లిఫయరుకు కలిసి ఉంటాయి కనుక, ఆంప్లిఫయరును ఎర్త్ సరిగా ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే తగిలించాలి. దాని మూత మీరు తెరవవద్దు.

తీగలు కట్టే ముందు స్క్రూడ్రైవరు మొనతో పికప్ మీద మెల్లగా తట్టండి. స్పీకరులో 'టక్' మంటే మీ టంకం గెలిచినట్టే.

ఆరు తీగలు శ్రుతి చేసినప్పుడు మెడ మీద పడే లాగుడు సుమారు 45 కిలోల బరువుకు సమానం. ఒక సిమెంటు బస్తాకు కాస్త తక్కువ అన్నమాట! దాన్ని తట్టుకోవడానికే చాలా మెడల్లో లోపల ఉక్కు కడ్డీ ఉంటుంది. మెడ వంగితే ఆ కడ్డీని ఒక్కసారికి పావు చుట్టే తిప్పాలి. పికప్‌ను తీగలకు మరీ దగ్గరగా పెట్టకండి. అయస్కాంతం తీగను లాగి శ్రుతి చెడగొడుతుంది.

అసలు పరీక్ష కొలత దగ్గరే

తీగ బిగువు మారకపోతే, పొడవు సగమైనప్పుడు పౌనఃపున్యం రెట్టింపవుతుంది. 'సా' నుంచి పై 'సా'కు చేరతాం. ఈ దూరాన్ని గిటారులో 12 మెట్లుగా పంచారు. ఒక్కో మెట్టుకు పౌనఃపున్యం 1.0595 రెట్లు పెరుగుతుంది. ఈ సంఖ్యను 12 సార్లు గుణించి చూడండి, దాదాపు 2 వస్తుంది.

అలా జరగాలంటే ప్రతిసారీ మిగిలిన పొడవులో 17.817వ వంతు తగ్గాలి. చాలా కిట్లలో తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. మొదటి మెట్టు నట్ నుంచి 36.4 మి.మీ. దూరంలో, రెండోది దానికి మరో 34.3 మి.మీ. దూరంలో వస్తాయి. పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి. 12వ మెట్టు సరిగ్గా సగంలో, 324 దగ్గర ఉంటుంది.

వీణ చేసేవారు మైనపు దిమ్మ మీద మెట్లను చెవితో విని సర్దుతారు. కిట్ గిటారు మెట్లు ఫ్యాక్టరీలోనే దిగిపోయాయి. మన చేతిలో మిగిలింది సాడిల్ స్థానం ఒక్కటే. నొక్కినప్పుడు తీగ కొద్దిగా సాగి శ్రుతి పెరుగుతుంది కనుక, సాడిల్‌ను 648 కన్నా ఒకటి రెండు మి.మీ. వెనక్కు, లావు తీగలకు ఇంకొంచెం వెనక్కు జరుపుతారు.

కుర్రాడి గిటారు కథ

ఇప్పుడు మా కుర్రాడి గిటారుకు వద్దాం. టేపు పెట్టాం. నట్ నుంచి 12వ మెట్టుకు 324, బాగుంది. అక్కడి నుంచి సాడిల్‌కు 332! సాడిళ్లన్నీ ముందుకు తెచ్చినా 8 మి.మీ. ఎక్కువే ఉంది. వాడు 648 కొలిచింది సాడిల్ దాకా కాదు, బ్రిడ్జి రేకు ముందు అంచు దాకా.

ఇక భాగహారం. మొత్తం పొడవు 656. దాన్ని 332తో భాగిస్తే 1.976. రావలసింది 2. అయిదో తీగ ఒట్టిగా 110 పలికితే, 12వ మెట్టు మీద 220 పలకాలి. ఈ లెక్కన 217.3 పలుకుతుంది. నొక్కినప్పుడు తీగ సాగి కొంత సర్దుకున్నా తేడా మిగిలింది. మూడో తీగను రెండో మెట్టు మీద నొక్కితే 220కి దగ్గరగా పలుకుతుంది. రెంటినీ కలిపి మీటితే ధ్వని అలలు అలలుగా పెరిగి తరిగింది. అవే మీరు పాఠంలో చదివే విస్పందనాలు.

"నీ చెవి సరిగ్గానే విన్నదిరా. తప్పింది టేపు పట్టిన చెయ్యి" అన్నాను. వాడు చాలాసేపు ఆ రెండు తీగలనే మీటుతూ కూర్చున్నాడు.

పాత రంధ్రాల్లో జిగురు రాసిన చెక్క పుల్లలు దిగ్గొట్టి, ఆరాక కొత్త రంధ్రాలు వేశాం. బ్రిడ్జి పక్కన ఆ మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి. అందుకు సిగ్గుపడనక్కరలేదు. 1963లో ఇంగ్లండులో బ్రయాన్ మే అనే 16 ఏళ్ల కుర్రాడు తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు చేయడం మొదలుపెట్టాడు. మెడకు వాడింది పాత చలిమంట గూడు చెక్క. అందులో పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. స్ప్రింగులు పాత మోటారు సైకిలువి. అతడు క్వీన్ అనే బృందంలో ఆ గిటారుతోనే ప్రపంచమంతా తిరిగాడు. 2007లో ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేటు కూడా పొందాడు.

మీరు కిట్ తెచ్చుకుంటే రంగు డబ్బా కన్నా ముందు టేపు తీయండి. నట్ నుంచి 12వ మెట్టు దాకా కొలవండి. దాన్ని రెట్టింపు చేసిన చోట పెన్సిలుతో గీత గీయండి. సాడిల్ రావలసింది ఆ గీతకు రవ్వంత వెనకాల. రెండోసారి కూడా కొలిచాకే డ్రిల్లు చేత పట్టండి.