ఆవు పాలు ఎప్పుడు ఆపాలి?

“ఇంకా లీటరు పాలు ఇస్తున్నది, ఎందుకు ఆపాలె?” అని మర్రిగూడ దిక్కు అక్కలు అడుగుతారు. నిజమే, ఆ పాల పైసలతోనే ఇంటికి ఉప్పు, పప్పు వస్తాయి. కానీ ఆవు చూలుతో ఉంది.

ఆవు సుమారు 280 రోజులు మోస్తుంది. కడుపులో దూడ ఎక్కువగా పెరిగేది చివరి 2 నెలల్లోనే. అప్పుడూ పాలు పిండితే తల్లి చిక్కిపోతుంది. పొదుగుకు విశ్రాంతి ఉండదు. వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి.

అందుకే 7 నెలలు నిండగానే దాణా తగ్గించండి. నీళ్లు మాత్రం తగ్గించవద్దు. రెండు పూటలకు బదులు ఒక పూట పిండండి. తర్వాత రోజు విడిచి రోజు పిండండి. 10 రోజుల్లో మానేయండి. చివరిసారి పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండాలి. చన్నుల్లోకి ఎక్కించే మందు గురించి పశువుల డాక్టరును అడగండి. పొదుగు ఎర్రబడినా, గట్టిపడినా వెంటనే చూపించండి.

పాలు ఎండినాక మళ్లీ దాణా పెట్టండి. పాలు ఇస్తలేదని వట్టి గడ్డి వేయవద్దు. మన దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది పశువుల పళ్లను, ఎముకలను కూడా చెరుపుతుంది. వీలైతే ఆవుకు కూడా నల్లా నీళ్లే పెట్టండి.

ఇప్పుడు మీకు రాయడం వచ్చు. ఆవును కట్టించిన తేదీ గోడ మీద రాసుకోండి. జనవరి 10న కట్టిస్తే ఆగస్టు 10 నుంచి పాలు తగ్గించాలి. ఆగస్టు 20 కల్లా ఆపాలి. అక్టోబరు మూడో వారంలో ఈనుతుంది.

మీ ఆవు తేదీలు ఏవి? లెక్కపెట్టి రాయండి.