పిల్లల లావు: జన్యువులది ఎంత? అన్నానిది ఎంత?

రాయపూర్‌లో అన్నం లేని ఇల్లు ఉండదు. ఛత్తీస్‌గఢ్‌కు ‘ధాన్ కా కటోరా’ (వరి గిన్నె) అని పేరు. పొద్దున చీలా అట్లు, సాయంత్రం ఫరా కుడుములు, ఎండాకాలం నీళ్లలో నానిన అన్నం బోరే బాసీ, అన్నీ బియ్యంతోనే. రైల్వే పనులకో, పక్కనే ఉన్న భిలాయి ఉక్కు కర్మాగారంలో కొలువుకో వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలదీ అదే భోజనం. అందుకే పిల్లలు కాస్త బొద్దుగా కనిపిస్తే నేరం అన్నం మీదికో, వంశం మీదికో పోతుంది. పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ఒకటుందనీ, లావు సంగతి అదే తేలుస్తుందనీ ఈమధ్య కొత్త మాట కూడా తోడైంది. దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు ఉన్నవారు 2015-16లో 2.1 శాతం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అది 3.4 శాతానికి చేరింది. అంకె చిన్నదే కానీ పెరుగుతోంది. కాబట్టి ఏది నిజమో తెలుసుకోవడం అవసరం.

అపోహ: పిండిపదార్థం అరిగించే జన్యువు తక్కువగా ఉంటే పిల్లలు లావవుతారని సైన్సు తేల్చేసింది.

వాస్తవం: తేల్చలేదు. ఆ జన్యువు పేరు ఏఎంవై1. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేసేది అదే. చాలా జన్యువులకు మనలో రెండేసి ప్రతులు ఉంటాయి. దీనికి మాత్రం కొందరిలో రెండే ఉంటే, మరికొందరిలో పదికి మించి ఉంటాయి. పిండిపదార్థం ఎక్కువగా తినే జాతుల్లో సగటున ఈ ప్రతులు ఎక్కువని 2007లో తెలిసింది. నాలుగు కంటే తక్కువ ప్రతులున్నవారికి, తొమ్మిది కంటే ఎక్కువున్నవారితో పోలిస్తే స్థూలకాయం ముప్పు సుమారు ఎనిమిది రెట్లని 2014లో ఒక పరిశోధన చెప్పింది. పత్రికల్లోకి ఎక్కింది ఆ మాటే. మరుసటి ఏడాదే మరో బృందం ఇంకా కచ్చితమైన పద్ధతిలో ప్రతులను లెక్కపెడితే ఆ సంబంధం కనిపించలేదు. మెక్సికో పిల్లల్లో చేసిన అధ్యయనంలో మాత్రం ప్రతులు ఎక్కువున్నవారిలో స్థూలకాయం తక్కువగా ఉంది. చర్చ ఇంకా తెగలేదు. తెగని చర్చను పట్టుకుని మన పిల్లల భోజనం మార్చకూడదు.

అపోహ: ఆ ప్రతులు తక్కువైతే అన్నం అరగదు, అరగనిదే కొవ్వవుతుంది.

వాస్తవం: నోట్లో ముద్ద ఉండేది కొద్దిసేపే. కడుపులోకి వెళ్లాక అక్కడి ఆమ్లం లాలాజల అమైలేజ్ పనిని చాలావరకు ఆపేస్తుంది. అసలు పని చిన్నపేగులో జరుగుతుంది. క్లోమం నుంచి వచ్చే అమైలేజ్ పిండిపదార్థాన్ని ముక్కలు చేస్తే, పేగు గోడ మీది ఎంజైములు ఆ ముక్కలను గ్లూకోజుగా మారుస్తాయి. కాబట్టి లాలాజలంలో అమైలేజ్ తక్కువున్న పిల్లవాడికీ ఉడికిన అన్నం దాదాపు పూర్తిగా అరుగుతుంది. అయినా అరగని ఆహారం కొవ్వుగా మారడమనేది లేదు. అరిగి, ఒంటికి పట్టి, ఖర్చు కాకుండా మిగిలిందే కొవ్వుగా చేరుతుంది.

అపోహ: “వాళ్ల తాతా ఇంతే, నాన్నా ఇంతే. మా వంశమే అంత. ఏం చేసినా తగ్గడు.”

వాస్తవం: వంశం పాత్ర ఉంది, కాదనలేం. 2007లో బయటపడ్డ ఎఫ్‌టీఓ అనే జన్యువులో ముప్పు రకం రెండు ప్రతులూ ఉన్న పెద్దలు, ఒక్కటీ లేనివారి కంటే సగటున మూడు కిలోల బరువు ఎక్కువ. ఆ ముప్పు రకం ప్రధానంగా ఆకలిని పెంచుతుంది, తిన్నాక కడుపు నిండిన తృప్తిని తగ్గిస్తుంది. అంటే అలాంటి పిల్లవాడిది తిండిపోతుతనం కాదు, వాడికి నిజంగానే ఆకలి ఎక్కువ. తిట్టడం వల్ల ఆకలి తగ్గదు. ఇంట్లో అందుబాటులో ఉన్నది ఏమిటన్నదే తేడా తెస్తుంది. ఒంటికి పని చెప్పే పెద్దల్లో ఈ జన్యువు ప్రభావం పావు వంతుకు పైగా తగ్గుతుందని 2011లో రెండు లక్షల మందికి పైగా పెద్దల వివరాలతో చేసిన విశ్లేషణ చూపించింది. ఇంకోమాట. తరాలు మారినంత మాత్రాన జన్యువులు అంత త్వరగా మారవు. కొన్నేళ్లలోనే పిల్లల బరువులు పెరిగాయంటే మారింది తిండి, ఆట, నిద్ర.

అపోహ: అన్నం మాన్పించి చపాతీలు పెడితే సరి.

వాస్తవం: గోధుమలో ఉన్నదీ పిండిపదార్థమే. దాన్ని అరిగించేదీ అదే అమైలేజ్. ఎంత తిన్నారు, పక్కన ఏం పెట్టారు అన్నవే ముఖ్యం. రాయపూర్ ఇందిరా గాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇరవై వేలకు పైగా వరి రకాలను భద్రపరిచింది. వాటిలో అమైలోజ్ అనే పిండిపదార్థం ఎక్కువున్న రకాల అన్నం నిదానంగా అరుగుతుంది. వండి చల్లార్చిన అన్నంలో అరగని పిండిపదార్థం కొంత పెరుగుతుంది. చద్దన్నానికీ బోరే బాసీకీ ఆ లాభం కొద్దిగా ఉంటుంది. అలాగని మారు వడ్డించుకోవడానికి అది లైసెన్సు కాదు. ఎదిగే పిల్లలకు అన్నం మాన్పించకండి. ఒక గరిటె తగ్గించి, ఆ చోట పప్పు, కూర, గుడ్డు పెంచండి.

అసలు చూడాల్సింది బడి గేటు దగ్గర. చాలా కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు సుమారు పది గ్రాముల చక్కెర ఉంటుంది. చక్కెర అరగడానికి అమైలేజ్ అక్కర్లేదు. ఏఎంవై1 ప్రతులు ఎన్ని ఉన్నా ఆ సీసా ముందు పిల్లలంతా ఒక్కటే. బడికి 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలు అమ్మకూడదని 2020లోనే ఆహార భద్రతా సంస్థ నిబంధన తెచ్చింది. అది అమలయ్యేలా అడగాల్సింది తల్లిదండ్రులమే.

అపోహ: సన్నగా పుట్టిన బిడ్డకు ఈ బెంగ లేదు. ఎంత పెడితే అంత మంచిది.

వాస్తవం: పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. అయినా చర్మం కింది కొవ్వులో మన పిల్లలు అంతగా వెనకబడలేదు. తగ్గింది కండ. తక్కువ బరువుతో పుట్టి తర్వాత గబగబా లావెక్కే పిల్లలకు పెద్దయ్యాక మధుమేహం ముప్పు ఎక్కువ.

అపోహ: మెడ వెనక నలుపు మట్టి. శనగపిండితో రుద్దితే పోతుంది.

వాస్తవం: బరువున్న పిల్లల మెడ మీద, చంకల్లో చర్మం నల్లబడి, మందమై, మఖమల్లులా తగిలితే అది చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనే గుర్తు. ఎంత రుద్దినా పోదు, చర్మం మండుతుంది. పిల్లల డాక్టరుకు చూపించండి.

అపోహ: జన్యు పరీక్ష చేయిస్తే ఏం పెట్టాలో తెలిసిపోతుంది.

వాస్తవం: ఏఎంవై1 ప్రతులు లెక్కపెట్టి పిల్లలకు ఆహారం నిర్ణయించే వైద్య పద్ధతి ఏదీ లేదు. జన్యు పరీక్ష అవసరమయ్యేది చాలా కొద్దిమందికే. ఐదేళ్లు రాకముందే విపరీతంగా లావెక్కి, ఆకలికి అదుపే లేకపోతే డాక్టరే సూచిస్తారు. మిగతావారికి ఎత్తు, బరువు క్రమంగా కొలిచి ఎదుగుదల చార్టు మీద చూసుకుంటే చాలు.

ఎదిగే పిల్లల్లో చాలామందికి బరువు తగ్గక్కర్లేదు. బరువు నిలకడగా ఉండి ఎత్తు పెరిగితే సరిపోతుంది. అందుకు రోజుకు గంట ఆట, వేళకు నిద్ర, ఇంటి భోజనం కావాలి. కూల్‌డ్రింకు కొనడం మొదట ఇంట్లో పెద్దలు మానాలి. దయచేసి ఏ పిల్లనూ ‘బొండం’ అని పిలవకండి. జన్యువులు వాళ్లు ఎంచుకున్నవి కావు. ఇంట్లో వండేదీ, కొనేదీ మాత్రం మనం ఎంచుకుంటున్నవే.